చెప్పులు విప్పారా?



ఎప్పుడూ కేసులు, కోర్టులు, శవాలు అంటూ మిమ్మల్ని ఏడిపిస్తున్నానని హాస్టల్ పిల్లలు గొడవ చేస్తున్నారు. సరే, ఈ వారం కాస్త నవ్వుకుందాం. మన జీవితాల్లో నవ్వుకి కరువు లేదు, దాన్ని రాసేవాళ్లే తక్కువ.

1969 జూలై 21, సోమవారం. ఆ ఒక్క రోజు వార్తలు తీసుకుందాం. అంతకు రెండు రోజుల ముందు, శనివారం రాత్రి, ఇందిరాగాంధీ రేడియోలో మాట్లాడి 14 పెద్ద బ్యాంకుల్ని జాతీయం చేసేశామని చెప్పింది. ఆదివారం మన వి.వి. గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి పదవికి రాజీనామా ఇచ్చి, అసలు రాష్ట్రపతి పదవికి పోటీ చేస్తానన్నాడు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. సోమవారం తెల్లవారకముందు, మన గడియారం ప్రకారం 1 గంట 47 నిమిషాలకి, అమెరికా వాళ్ల ఈగిల్ చంద్రుడి మీద వాలింది. పొద్దున 8 గంటల 26 నిమిషాలకి ఆర్మ్‌స్ట్రాంగ్ నిచ్చెన దిగి కాలు కింద పెట్టాడు.

మూడు రోజుల్లో బ్యాంకుల యజమాని మారాడు, రాష్ట్రపతి మారాడు, చందమామ కూడా మారిపోయింది. మా పల్లెలో మాత్రం అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరూ కదిలించలేదు పాపం.

నాకప్పుడు పదేళ్లు. గుంటూరు జిల్లాలో కాలవ దాటాక ఉండే మాదిగపల్లె మాది. మా ఊరికి వార్తలొచ్చే దారులు మూడు. మొదటిది పంచాయతీ రేడియో. దాని మైకు గొట్టాన్ని ఊరి వైపు తిప్పి కట్టారు. గాలి మా మీదికి తిరిగితే మాకూ వార్తలు అందేవి. "ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ" అన్న దాకా వినపడేది. ఆ తర్వాత ఆవిడ ఏం చేసిందన్నది గాలి ఎత్తుకుపోయేది. కాబట్టి మా పల్లెలో ప్రతి వార్తకీ కర్త ఉండేది, క్రియ ఉండేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే, మా విషయంలో ప్రభుత్వం నడిచిన తీరుకి ఇంతకన్నా మంచి వర్ణన లేదు.

రెండోది పేపరు. అప్పటికి ఈనాడు పుట్టలేదు. బెజవాడ నుంచి ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి, విశాలాంధ్ర వచ్చేవి. మా ఊరికొచ్చే ఒక్క కాపీనీ ముందు పెద్దలు చదివేవాళ్లు, తర్వాత టీ కొట్లో చదివేవాళ్లు, ఆ తర్వాత అది శెట్టిగారి కొట్టుకి పోయి పొట్లాలయ్యేది. మా దగ్గరికి బెల్లం చుట్టుకుని వచ్చేది. మా పల్లెలో వార్తలు తీపిగా ఉండేవి, కానీ నెల పాతవి. చీమల్ని దులిపి చదువుకోవాలి.

మూడో దారి మా డప్పు. పన్ను కట్టాలన్నా, కాలవకి నీళ్లు వదులుతున్నారన్నా, తప్పిపోయిన గేదెని వెతకాలన్నా మా చిన్నాన్నే తప్పెట వాయించుకుంటూ వీధివీధీ తిరిగి చాటింపు వెయ్యాలి. ఊరికి తొలి వార్తాసంస్థ మాదే. ఊరందరి వార్తలూ మోశాం గానీ, అందులో మా వార్త ఒక్కటీ ఉండేది కాదు. మా వార్త మేమే చాటుకోవాలని తేలడానికి 1994 దాకా పట్టింది. ఈదుమూడిలో మాదిగ దండోరా అని పేరు పెట్టుకున్నప్పుడు నాకు మొట్టమొదట గుర్తొచ్చింది చిన్నాన్న తప్పెటే.

ఆ సోమవారం బళ్లో మా పంతులు గారు గంట కొట్టించి అందర్నీ నిలబెట్టాడు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు, ఇది యావత్ మానవజాతి గెలుపు, చప్పట్లు కొట్టండన్నాడు. వరండా చివర నిలబడి మేమూ కొట్టాం. గట్టిగానే కొట్టాం. కొట్టీ కొట్టీ దాహమేసింది. కుండ దగ్గరికి పోతే ఎప్పటిలాగే ఊరి పిల్లాడొకడు చెంబుతో ఎత్తి నా దోసిట్లో నీళ్లు పోశాడు. భూమికీ చంద్రుడికీ మధ్య దూరం 3,84,000 కిలోమీటర్లు. దాన్ని మానవజాతి దాటేసింది. చెంబుకీ నా దోసిలికీ మధ్య జానెడు. అది మాత్రం మానవజాతి వల్ల కాలేదు.

సాయంత్రం పరుగెత్తుకుంటూ పోయి తాతకి చెప్పాను. తాత లందలో తోళ్లు ఊనేసేవాడు, తంగేడు చెక్క దంచేవాడు, చెప్పులు కుట్టేవాడు. ఊళ్లో ఆసాములు వేసుకుని కిర్రు కిర్రున నడిచే చెప్పులన్నీ ఆయన చేతివే. ఆ చెప్పులు కుట్టినవాడు మాత్రం ఊరి వీధిలోకి పోతే తన చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి. అందుకని తాత ఆరె పక్కన పెట్టి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"చెప్పులు విప్పారా?"

"లేదు తాతా, ఇంతింత బూట్లేసుకుని దిగారంట."

"అక్కడ ఊరి పెద్దలు ఏవనలా?"

"అక్కడ ఎవరూ లేరు తాతా. ఊరే లేదు."

తాత మళ్లీ ఆరె అందుకున్నాడు. "అదీ సంగతి. ఎవరూ లేరు గనకే చెప్పులతో దిగాడు. ఉంటే దిగనిస్తారా?"

చంద్రయానం గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. ఇంత సూటి వ్యాఖ్యానం ఎక్కడా దొరకలేదు. ఇంకో తమాషా ఏంటంటే, తాత ప్రశ్నకి సరైన జవాబు ఆయన పోయిన చాలా ఏళ్లకి నాకు దొరికింది. వాళ్లు చెప్పులు విప్పారు! కాకపోతే పోయేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. చంద్రుడి రాళ్లూ మట్టీ 21 కిలోల పైచిలుకు మోసుకు రావాలి గనక, బరువు తగ్గించుకోడానికి వీపున మోసిన పెట్టెలతో పాటు బూట్ల మీద తొడుక్కున్న రబ్బరు అడుగుల పైజోళ్లని కూడా అక్కడే పడేసి వచ్చారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. తాతకి చెబితే, "మంచి జోళ్లు పారేశారా, ఎంత పొగర్రా" అనేవాడు.

బూట్లే కాదు, అడుగుజాడలు కూడా అక్కడ అలాగే ఉన్నాయి. చంద్రుడి మీద గాలి లేదు, వాన లేదు. చెరిపేవాళ్లు లేరు. ఇక్కడ మన సంగతి చూడండి. పీష్వాల పూనాలో అంటరానివాడు నడుముకి చీపురు కట్టుకుని తన అడుగుజాడల్ని తనే ఊడ్చుకుంటూ నడవాల్సి వచ్చేదని బాబాసాహెబ్ 1936లో 'కులనిర్మూలన'లో రాశాడు. ఉమ్మి కింద పడకుండా మెడలో ముంత. ఒకడి అడుగు కోటి ఏళ్లు నిలబడుతుందని ప్రపంచం మురిసిపోయింది. ఇంకొకడి అడుగు కోటి క్షణాలు కూడా నిలవకూడదని చీపురు కట్టింది. రెండూ మనిషి కాళ్లే.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువ నవ్వుకున్న వార్త నాలుగో రోజుది. జూలై 24న ఆ ముగ్గురూ పసిఫిక్ సముద్రంలో దిగారు. దిగీ దిగగానే వాళ్లకి ఒళ్లంతా కప్పే బట్టలు తొడిగి, ఓడ మీద ఒక ఇనప డబ్బాలోకి తోసి తలుపేశారు. చంద్రుడి మీద ఏ పురుగు అంటుకుందో, తాకితే మనకి ఏమవుతుందో అని భయం. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ అంత దూరం పోయి కూడా కరచాలనం చెయ్యలేదు. అద్దం కిటికీ బయట నిలబడి మైకులో మాట్లాడాడు. భార్యలు కూడా ముట్టుకోకూడదు. చంద్రుణ్ణి తాకినప్పటి నుంచి లెక్కేసి 21 రోజులు.

అంటే ఏంటి? ముగ్గురు తెల్లోళ్లకి 21 రోజుల మైల. ప్రపంచ చరిత్రలో తెల్లదొరల్ని అంటరానివాళ్లని చేసిన ఘనత అమెరికా ప్రభుత్వానిదే. బాబాసాహెబ్ బతికుంటే ఒక టెలిగ్రాం ఇచ్చి ఉండేవాడేమో, ఎలా ఉందండీ అని!

నవ్వులాటకి అన్నా గానీ ఇందులో ఒక పాఠం ఉంది. వాళ్లది అనుమానం. అనుమానం వస్తే ఏం చేశారు? రక్తం తీశారు, ఎలకల మీద చూశారు, తెచ్చిన మట్టిని పరీక్షించారు. ఏమీ లేదని తేలింది. ఆగస్టు 10న తలుపు తీశారు. ఇంకో రెండు యాత్రలకి అదే పద్ధతి పాటించి, అపోలో 14 తర్వాత ఆ మైలే ఎత్తేశారు. మరి మనల్ని వేల ఏళ్లు బయట కూర్చోబెట్టినవాళ్లు ఒక్కసారన్నా పరీక్ష చేశారా? మన రక్తం తీసి చూశారా? తీశారు లెండి, చూడటానికి కాదు. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం తలుపు తీసింది. లోపలున్నవాళ్లం బయటికొచ్చాం. బయటున్నవాళ్లే ఇంకా అద్దం కిటికీ అవతల నిలబడి మాట్లాడుతున్నారు.

ఆ ముగ్గురిలో మైకేల్ కోలిన్స్ అంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ. అంత దూరం పోయాడు, మిగతా ఇద్దరూ కిందికి దిగితే ఆయన పైనే బండిలో చుట్టూ తిరుగుతూ కూర్చున్నాడు. దిగే ఏర్పాటు ఆయనకి లేదు. తిరునాళ్లకి డప్పు కొట్టుకుంటూ గుడి దాకా పోయి, గుడి బయటే ఆగిపోయిన మా చిన్నాన్న నాకు ఆయనలో కనపడతాడు. తేడా ఒక్కటే. కోలిన్స్‌కి జీతం ఇచ్చారు.

అమెరికాలోనూ అందరూ చప్పట్లు కొట్టలేదు. రాకెట్ ఎగిరే ముందు రోజు, జూలై 15న, రాల్ఫ్ అబర్నాతీ పేద నల్లవాళ్లని వెంటబెట్టుకుని, కంచరగాడిదలు కట్టిన బండితో రాకెట్ స్థావరం దగ్గరికి పోయి నిలబడ్డాడు. మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశాక ఉద్యమాన్ని నెత్తిన వేసుకున్న మనిషి ఆయన. చంద్రుడికి పోవడానికి డబ్బుంది, పిల్లలకి అన్నం పెట్టడానికి లేదా అని అడిగాడు. నాసా పెద్ద థామస్ పెయిన్ స్వయంగా బయటికొచ్చి మాట్లాడాడు. రాకెట్ ఆపితే పేదరికం పోతుందంటే ఆపేవాళ్లమే అన్నాడు. వాళ్లలో కొందరికి రాకెట్ చూడ్డానికి పాసులిచ్చాడు. ఆకలి అని పోతే పాసులు ఇచ్చారు! మనకీ అలవాటే కదా. భూమి అడిగితే విగ్రహం ఇస్తారు.

ఇప్పుడు ఢిల్లీకి వద్దాం. మే 3న జాకీర్ హుస్సేన్ చనిపోవడంతో రాష్ట్రపతి కుర్చీ ఖాళీ అయింది. జూలై 12న బెంగుళూరులో కాంగ్రెస్ పెద్దలు కూర్చుని ఎవర్ని నిలబెట్టాలా అని చర్చించారు. గాంధీ శతజయంతి ఏడాది గదా, జగ్జీవన్‌రామ్‌ని నిలబెడదామని ఇందిర అంది. పెద్దలు కుదరదన్నారు. ఓట్లేసి మన నీలం సంజీవరెడ్డిని ఖాయం చేశారు. గాంధీ పేరు చెప్పి హరిజనుణ్ణి కూర్చోబెడదామంటే గాంధీ శిష్యులే ఒప్పుకోలేదు. గాంధీకి నివాళిగా గాంధీ బొమ్మ చాలనుకున్నారు.

సంజీవరెడ్డి గారి కుర్చీల చరిత్ర మనకి కొత్త కాదు. 1960లో దామోదరం సంజీవయ్య ఆంధ్రప్రదేశ్‌కి ముఖ్యమంత్రి అయ్యాడు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. 1962 ఎన్నికలు కాగానే ఆ కుర్చీలోకి మళ్లీ సంజీవరెడ్డి వచ్చాడు. సంజీవయ్య పోయి సంజీవరెడ్డి, జగ్జీవన్ కాకుండా సంజీవరెడ్డి. పేరులో జీవం ఉంటే చాలదు, చివర ఏముందో చూస్తారు.

తర్వాత ఇందిర తన పార్టీ అభ్యర్థిని వదిలేసి 'అంతరాత్మ ప్రబోధం' అంది. ఆగస్టులో గిరి గెలిచాడు. దేశంలో అంతరాత్మ అనేది ఒకటుందని నాయకులకి గుర్తొచ్చిన ఏకైక సందర్భం అదే అనుకుంటాను. మన వాళ్ల విషయంలో అది నిద్ర లేచినట్టు రికార్డు లేదు. ఆ కుర్చీలో దళితుడు, కె.ఆర్. నారాయణన్, కూర్చోడానికి 1997 దాకా ఆగాలి. అంటే చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన 28 ఏళ్లకి మనం రాష్ట్రపతి భవన్ మెట్టు మీద కాలు పెట్టాం. దూరం ఏది ఎక్కువో మీరే లెక్కేసుకోండి. ఈ మధ్యలో, 1978లో, రక్షణ మంత్రిగా ఉన్న జగ్జీవన్‌రామ్ కాశీలో సంపూర్ణానంద్ విగ్రహం ఆవిష్కరిస్తే, ఆయన తాకాడని దాన్ని గంగనీళ్లతో కడిగారు. దేశ సైన్యం ఆయన చేతిలో ఉంది. బొమ్మ మాత్రం ఆయన చేతికి మైలపడింది.

ఇక మూడో వార్త, బ్యాంకులు. మా పల్లెలో అప్పటికి ఎవరూ బ్యాంకు లోపలి గోడ చూసి ఎరగరు. ఆసామి నాయన్ని పిలిచి, "ఏరా, బ్యాంకులన్నీ గవర్నమెంటువంట. ఇక మా దగ్గరికి రారేమో" అని ఎకసెక్కం చేశాడంట. నాయన, "మీ ప్రోనోటు జాతీయం కాలేదు గదా అయ్యగారూ" అన్నాడంట. చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ కాలిముద్ర, ఆసామి పెట్టెలో నాయన వేలిముద్ర. రెండూ చెరగవు.

కానీ మిత్రులారా, ఈ మూడు వార్తల్లో చివరికి మా గుమ్మం తొక్కింది ఆ బ్యాంకు వార్తే. బ్యాంకులు ప్రభుత్వానివి అయ్యాయి గనకే వాటి ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు వచ్చాయి. 1972లో 4 శాతం వడ్డీకి పేదల అప్పుల పథకం వచ్చింది. 1980లో ఇంకో 6 బ్యాంకులు కలిశాయి. మా పల్లెలో మొదటి పక్కా ఇల్లు లేచింది బ్యాంకు గుమస్తా జీతంతోనే. ప్యాంటు వేసుకుని, బూట్లతో ఊరి వీధిలో నడిచి బస్సెక్కిన మొదటి మాదిగోడు ఆ గుమస్తానే. ఆర్మ్‌స్ట్రాంగ్ నిచ్చెన దిగడం నేను చూళ్లేదు. ఆయన ఆ వీధిలో నడవడం చూశాను. మా పల్లె మొత్తం కాలవ గట్టు మీద నిలబడి చూసింది.

ఆ రోజు పేపరులో లేని వార్తలు కూడా చెప్పాలి. అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు, 1968 ఫిబ్రవరి 24న కంచికచర్లలో ఇత్తడి సామాను దొంగతనం మోపి కోటేశు అనే మన పిల్లాణ్ణి స్తంభానికి కట్టేసి తగలబెట్టారు. అదే ఏడాది క్రిస్మస్ ముందు రాత్రి అపోలో 8 వాళ్లు చంద్రుడి చుట్టూ తిరుగుతూ బైబిల్ ఆదికాండం చదివితే లోకమంతా విన్నది. వాళ్లింకా దారిలో ఉండగానే, డిసెంబర్ 25 రాత్రి, తంజావూరు జిల్లా కీళ్వెణ్మణిలో కూలి పెంచమన్న పాపానికి 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి కాల్చారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. 1969లోనే ఎలయపెరుమాళ్ కమిటీ అంటరానితనం మీద దేశమంతా తిరిగి నివేదిక ఇచ్చింది. బ్యాంకుల చట్టాన్ని 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు కొట్టేస్తే, 14వ తేదీకల్లా కొత్త ఆర్డినెన్స్ వచ్చింది. నాలుగు రోజులు. ఎలయపెరుమాళ్ చెప్పినదాని మీద చట్టం మారి అమల్లోకి రావడానికి 1976 నవంబర్ కావాల్సి వచ్చింది. ఏడేళ్లు. ప్రభుత్వానికి పరుగు రాదని ఎవరూ అనకండి. ఎవరి కోసం అన్నదే ప్రశ్న.

చంద్రుడి మీద కాలు పెట్టిన 22 ఏళ్లకి, ఇదే గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు కూర్చున్నవాడికి తగిలిందన్న దగ్గర గొడవ మొదలైంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. కొందర్ని గోనె సంచుల్లో కట్టి కాలవలో తొక్కారు. ఒక కాలు ఎక్కడ పడిందన్నదే ఈ దేశంలో ఇప్పటికీ పెద్ద వార్త. పేపర్లు దాన్ని ఆలస్యంగా రాస్తాయి, అంతే.

ఇప్పుడు మీ సంగతి. మొన్న 2023 ఆగస్టు 23న చంద్రయాన్ 3 దిగినప్పుడు మీ హాస్టళ్లలో మీరంతా ఎగిరి గంతేశారు. వెయ్యండి, నేనూ వేశాను. చంద్రుడు ఎవడబ్బ సొత్తూ కాదు. కానీ ఆ సంబరంలో 1969లో మా పల్లె గుమ్మం తొక్కిన ఆ చిన్న వార్తని పోగొట్టుకోకండి. 2020 ఏప్రిల్‌లో విలీనాలు అయ్యాక దేశంలో ప్రభుత్వ రంగ బ్యాంకులు 12 మిగిలాయి. ప్రైవేటు చేతికి పోయిన బ్యాంకులో రిజర్వేషన్ ఉండదు. ఉద్యోగ ప్రకటనలో రోస్టర్ ఉండదు. అడగడానికి చట్టం ఉండదు. అది పేపరులో 'సంస్కరణ' అన్న పేరుతో బిజినెస్ పేజీలో, మనం తిప్పేసే పేజీలో వస్తుంది. మన ఇంటి వార్త ఎప్పుడూ మొదటి పేజీలో రాదు.

అందుకని ఒక పని చెయ్యండి. మీ యూనివర్సిటీ లైబ్రరీలో పాత పేపర్ల బైండ్లు ఉంటాయి. దుమ్ము దులిపి ఏదో ఒక తేదీ తీసుకోండి. మొదటి పేజీలో ఏముందో ఒక పక్క రాయండి. ఆ వార్తల్లో ఏది మీ అమ్మానాన్నల బతుకు మార్చిందో రెండో పక్క రాయండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని బాగా నవ్వుకోండి. నవ్వడం అయిపోయాక బ్యాంకు ఉద్యోగుల ఎస్సీ, ఎస్టీ సంఘం వాళ్ల దగ్గరికి పోయి, ఈ ఏడాది మన పోస్టులు ఎన్ని, నింపినవి ఎన్ని అని అడగండి. ఆ లెక్క నాకు పంపండి. వచ్చే వారం దాన్నే చాటింపు వేద్దాం.